ట్యాంకు తుప్పు పట్టింది, బావ నల్ల పెయింటు పూసేద్దామంటున్నాడు

ఈసారి ఉత్తరం విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి. పేరు, బోటు నంబరు వేయొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, అందుకని సంగతి వరకు చెప్తాను.

రాసినాయనకూ ఆయన అక్క భర్తకూ కలిపి ఒక చెక్క బోటు ఉంది, చెరి సగం వాటా. డ్రైవరు, కలాసీలు కలిపి తొమ్మిది మంది ఎక్కుతారు, ఒక్కో వేట పదిహేను రోజుల దాకా సాగుతుంది. డెక్కు కింద, ఇంజిన్ గదికీ ఐసు గిడ్డంగికీ మధ్యలో రెండు ఇనప నీళ్ళ ట్యాంకులు ఉన్నాయి. ఒక్కోటి 1500 లీటర్లు. పన్నెండేళ్ళ కింద బోటు కట్టేటప్పుడే 5 మిల్లీమీటర్ల రేకుతో వెల్డింగ్ చేయించి పెట్టారట. పోయిన సీజన్లో నీళ్ళు ఎర్రగా రావడం మొదలైంది. టీ పెడితే నల్లగా మారుతోంది, అన్నం రంగు తేడాగా ఉంటోంది, పంపు జాలీ తీస్తే గుప్పెడు తుప్పు పెచ్చులు. ఫిబ్రవరిలో ఒక వేటలో ముగ్గురికి విరేచనాలు పట్టుకుని నాలుగు రోజులు ముందే వెనక్కి రావాల్సి వచ్చింది. డ్రైవరు "ఈసారి ట్యాంకు బాగుచేయకపోతే నేను వేరే బోటు చూసుకుంటా" అనేశాడు.

ఇప్పుడు వేట నిషేధం, బోటు ఒడ్డున ఉంది. ట్యాంకుల సంగతి తేల్చడానికి ఇదే సమయం. కానీ తలా ఒక మాట. బోటు అడుక్కి పూయగా మిగిలిన నల్ల పెయింటు రెండు డబ్బాలు షెడ్డులో ఉన్నాయి, అదే పూసేద్దామని బావ. ఫైబర్ బోట్లు రిపేరు చేసే కుర్రాడు లోపల గాజు పీచు మ్యాట్ వేసి ఫైబర్ పరిచేస్తానంటున్నాడు. మామ వరసయ్యే ఒక పెద్ద కలాసీ "సిమెంటు పాలు పూయండిరా, అదే మంచిది" అంటున్నాడు. ఈయన భార్యేమో ఆ ఇనుము గొడవే వద్దు, ప్లాస్టిక్ ట్యాంకు కొనుక్కోమంటోంది. "బావకు ఎదురు చెప్తే అక్క బాధపడుతుంది, చెప్పకపోతే డ్రైవరు పోతాడు. ఈలోగా రేపో ఎల్లుండో మా కుర్రాణ్ణొకణ్ణి లోపలికి దింపి తుప్పు గీయిస్తాను. ఏది చేయమంటారు సర్?" అని ముగించారు.

మీ నలుగురి సలహాల సంగతి తర్వాత మాట్లాడదాం. మీ ఉత్తరంలో చివర్న, చాలా మామూలు విషయంలా రాసి వదిలేసిన ఆ కుర్రాడి సంగతి ముందు. వాణ్ణి దింపకండి. ఇది చదివే వేళకి దింపేసి ఉంటే పైకి రమ్మనండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఇనుము తుప్పు పట్టడమంటే గాలిలో ఉన్న ఆక్సిజన్‌ని తినడమే. మూత బిగించి వారాల తరబడి వదిలేసిన తడి ట్యాంకులో ఆ తినడం ఆగదు, లోపల ఉన్న కాస్త గాలిలోంచే లాక్కుంటుంది. బయట గాలిలో ఆక్సిజన్ దాదాపు 20.9 శాతం. 19.5 కంటే తగ్గిన చోటికి మనిషి దిగకూడదని పరిశ్రమల్లో పాటిస్తారు. మూసి ఉన్న ట్యాంకులో అది ప్రాణం తీసేంతగా పడిపోయినా ముక్కుకు ఏ వాసనా తగలదు, ఊపిరాడనట్టు కూడా అనిపించకపోవచ్చు. కాళ్ళు తేలిపోయి కూలబడతాడు, అంతే. వాడు పడ్డాడని చూసి ఇంకొకడు గబుక్కున దిగుతాడు, వాడి కోసం మూడోవాడు. ఓడల ట్యాంకుల్లో పోయినవాళ్ళలో చాలామంది ఇలా కాపాడటానికని దిగినవాళ్ళే.

కాబట్టి ముందురోజే రెండు ట్యాంకుల మూతలూ తీసి పెట్టండి. ఒక బ్లోయర్‌కి పొడవాటి పైపు తగిలించి ట్యాంకు అడుగుదాకా వదిలి, మనిషి లోపల ఉన్నంతసేపూ మంచి గాలి ఊదుతూనే ఉండాలి. ఆ బ్లోయర్ జనరేటర్ పొగ పీల్చే చోట ఉండకూడదు. షిప్‌యార్డ్ కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళ దగ్గర ఆక్సిజన్ మీటర్ ఉంటుంది, ఒక్కరోజుకి అడిగి తెచ్చుకోండి. కొవ్వొత్తి వెలిగించి చూసే పాత పద్ధతి మాత్రం వద్దు. అది సరిగ్గా చెప్పదు, పైగా రేపు పెయింటు ఆవిర్లున్నప్పుడు కూడా అదే అలవాటుగా వెలిగిస్తే నిప్పంటుకోవచ్చు. దిగేవాడి చంకల కింద నుంచి తాడు కట్టి, రెండో కొస మూత దగ్గర కూర్చున్న మనిషి చేతిలో ఉండాలి. ఆ మనిషి టీకి కూడా లేవకూడదు, లోపల ఏం జరిగినా తాను దిగకూడదు. లైటు బ్యాటరీదో 24 వోల్టులదో వాడండి, ఇంట్లో కరెంటు బల్బు వైరు లాగి దింపొద్దు.

ఇక నీళ్ళు. ఎర్ర నీళ్ళు తాగి విరేచనాలు పట్టుకున్నాయని మీరు అనుకుంటున్నారు. తుప్పు ఒక్కటే అయితే అంత పని చేయదు. నీళ్ళలో ఇనుము లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకు మరక పడుతుంది, ఇంకాస్త పెరిగితే రుచి మారుతుంది. టీ నల్లబడటం కూడా అందుకే, టీ ఆకులో ఉండే టానిన్‌కి ఇనుము తగిలితే సిరా రంగు వస్తుంది. ఇవన్నీ చిరాకు పెట్టేవే తప్ప మనిషిని పడేసేవి కావు. అసలు తంటా పెచ్చుల కింద. అక్కడ బురదలా పేరుకున్న దాంట్లో సూక్ష్మజీవులు హాయిగా కాపురం పెడతాయి. మీరు బ్లీచింగ్ పౌడర్ వేస్తూనే ఉన్నాం అని రాశారు. వేసిన క్లోరిన్‌లో చాలా భాగం ఆ ఇనుముతోనే ఖర్చయిపోతుంది, సూక్ష్మజీవుల దాకా వెళ్ళదు. మీ ముగ్గురు మనుషులకూ ఆ నీళ్ళ వల్లే వచ్చిందని నేను చెప్పలేను కానీ, అలాంటి ట్యాంకు నీళ్ళు తాగొద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

మీ నలుగురూ ఏం పూయాలి అని కొట్టుకుంటున్నారు కదా. దేని మీద పూయాలి అన్నది ఎవరూ చూసినట్టు లేదు. ట్యాంకులో రేకు ఇంకా ఎంత మిగిలింది? ఈ లెక్క తేలకుండా పూత గురించి మాట్లాడటం దండగ, ఎందుకంటే పూత రేకుని కాపాడుతుందేగానీ పోయిన రేకుని తెచ్చిపెట్టదు.

గాలి సంగతి చూసుకున్నాక, చిప్పింగ్ సుత్తి ఇచ్చి అనుభవం ఉన్న మనిషినే దింపండి, కుర్రాణ్ణి కాదు. మంచి రేకు ఖంగుమంటుంది, చచ్చిన రేకు డొప్పగా పలుకుతుంది. ముందు అడుగు భాగం, అందులోనూ నీళ్ళు పోసే పైపు సరిగ్గా కింద. తర్వాత వెల్డింగ్ అతుకుల వెంబడి, మధ్య అడ్డు పలక కింద నీళ్ళు పారే కంతల దగ్గర. తర్వాత తల పైకెత్తి ట్యాంకు కప్పు లోపలి వైపు చూడమనండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. నీళ్ళలో మునిగి ఉండే గోడ కంటే, ఎప్పుడూ చెమర్చి చుక్కలు కట్టే ఆ కప్పే ఎక్కువ తుప్పు పడుతుంది, తడీ గాలీ రెండూ పుష్కలంగా దొరికేది అక్కడే కదా. గట్టిగా కొట్టడానికి భయపడొద్దు. సుత్తి దెబ్బకి చిల్లు పడితే ఒడ్డున పడినట్టు, అదే చిల్లు ఎనిమిదో రోజున సముద్రంలో పడితే మంచినీళ్ళన్నీ బిల్జిలోకి, అంటే బోటు అడుగున మురికినీళ్ళు చేరే చోటికి పోతాయి.

ఇంకో సంగతి. మీ ట్యాంకులు చెక్క దిమ్మల మీద కూర్చుని ఉంటాయి. ఆ దిమ్మలు బిల్జి ఉప్పునీళ్ళు పీల్చి ఎప్పుడూ తడిగా ఉంటాయి. అంటే అడుగు రేకుని బయటి నుంచి కూడా తుప్పు తింటూ ఉంటుంది, లోపల ఎంత ఖరీదైన పూత పూసినా ఆ తిండి ఆగదు. ఐసు గిడ్డంగి వైపున్న గోడ కూడా బయట చెమర్చి అలాగే తయారవుతుంది. ఇవి సుత్తికి పూర్తిగా దొరకవు. రేకు మందం కొలిచే అల్ట్రాసోనిక్ మీటరుంటుంది, లోపలి నుంచే పెట్టి చూడొచ్చు. విశాఖలో ఓడల పని చేసే పరీక్షల వాళ్ళకి అది రోజూ చేసే పని, రెండు ట్యాంకులకీ కలిపి ఒక పూట పడుతుంది. ఈ ఖర్చుకు మాత్రం వెనకాడకండి, ఎందుకంటే మిగతా ఖర్చులన్నీ దీన్నిబట్టే ఉంటాయి. నా లెక్కలో అయితే 5 మిల్లీమీటర్ల రేకు చాలా చోట్ల 4 దాకా ఉంటే పూతకు పనికొస్తుంది. 3 కి 4 కి మధ్య అక్కడక్కడా ఉంటే ఆ ముక్క కోసి కొత్తది వేయించి తర్వాత పూయొచ్చు. ఎక్కువ భాగం 3 కంటే తక్కువ చూపిస్తే ఇక దానికి నమస్కారం పెట్టేయండి, అతుకు వేయబోతే పక్కన కాలి ఇంకో చిల్లు పడుతుంది. వెల్డింగ్ అనుకుంటే డీజిల్ ట్యాంకు ఎంత దూరంలో ఉందో, వెనక చెక్క ఎంత దగ్గర ఉందో చూసుకుని, నీళ్ళ పైపు పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టాకే మొదలుపెట్టాలి.

ఇప్పుడు ఒక్కొక్కరి సలహాకొద్దాం.

మీ బావగారి నల్ల పెయింటు. ఇక్కడ మాత్రం బేరం లేదు. డబ్బా మీద ఏం రాసుందో మీరు రాయలేదు గానీ, బోటు అడుక్కి వేసేది సాధారణంగా రెండింట్లో ఒకటి. కోల్‌తార్ ఎపాక్సీ అయితే అందులో తారు నుంచి వచ్చే పదార్థాల్లో క్యాన్సర్ తెచ్చేవి ఉంటాయి. నాచు, గవ్వలు పట్టకుండా వేసే యాంటీఫౌలింగ్ అయితే అది ప్రాణుల్ని చంపడానికే తయారుచేసింది, కొద్దికొద్దిగా నీళ్ళలోకి విషం వదలడమే దాని పని. రెంటిలో ఏదైనా తాగే నీళ్ళ ట్యాంకులోకి పోకూడదు. ఇదే వరసలో ఇంకోటి, సింధూరం రంగులో ఉండే రెడ్ లెడ్ ప్రైమర్ తుప్పుకి బాగా పనిచేస్తుందని ఎవరైనా అంటే అదీ వద్దు, అది సీసం. తుప్పుని నల్లగా మార్చే కన్వర్టర్ ద్రావకాలు కూడా ఇక్కడ వద్దు. వాటి మీద వేసే ఎపాక్సీ సరిగ్గా పట్టకపోవచ్చు.

ఫైబర్ కుర్రాడు. ఫైబర్ బోటు మీద వాళ్ళ చేతి పని చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఫైబర్ మీద ఫైబర్ పట్టినట్టు ఇనుము మీద పట్టదు. మ్యాట్‌ని అంటించే మామూలు పాలిస్టర్ రెజిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది, రేకు నుంచి సన్నగా విడిపోతుంది, ఆ సందులోకి తడి చేరుతుంది. అప్పట్నుంచి తుప్పు మీ కంటికి కనబడకుండా వెనకాల తన పని తాను చేసుకుపోతుంది. పైనుంచి చూస్తే ట్యాంకు తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. పైగా రెజిన్లో ఉండే స్టైరీన్ వాసన నీళ్ళకి పట్టుకుంటే నెలల తరబడి వదలదు. పని చేసేటప్పుడు ఆ ఆవిరికి నిప్పు అంటుకోవచ్చు, 45 సెంటీమీటర్ల మూతలోంచి దిగి ఆ గదిలో కూర్చుని మ్యాట్ పరచడం అంటే నాకు వినడానికే టెన్షన్‌గా ఉంది. కప్పు కోసి తీసి, ఆహారానికి పనికొచ్చే రెజిన్‌తో, ఇనుముతో సంబంధం లేకుండా తన కాళ్ళ మీద తాను నిలబడేంత మందంగా లోపల ఇంకో ట్యాంకే కట్టిస్తే అది వేరే మాట. ఆ ఖర్చు పెట్టగలిగితే కొత్త ట్యాంకే చేయించుకోవచ్చు.

మామ చెప్పిన సిమెంటు పాలు. నవ్వకండి, ఓడల మంచినీళ్ళ ట్యాంకులకి ఎపాక్సీలు రాకముందు ఇదే పూసేవాళ్ళు. సిమెంటు బాగా క్షారగుణం ఉన్నది, దాని కింద ఇనుము మీద ఒక సన్నటి రక్షణ పొర ఏర్పడి తుప్పు నెమ్మదిస్తుంది. ఊడే పెచ్చులన్నీ గీకేస్తే చాలు, ఉక్కు మెరిసేదాకా రుద్దక్కర్లేదు, రేకు కాస్త తడిగా ఉన్నా పరవాలేదు. తాజా ఓపీసీ సిమెంటు, అంటే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు, ఉప్పు లేని నీళ్ళలో చిక్కటి గంజిలా కలిపి, కొబ్బరి పీచు బ్రష్షుతో పల్చగా పూయాలి. ఒకటి గట్టిపడ్డాక ఇంకోటి, అలా మూడు నాలుగు పూతలు. మందంగా ఒకేసారి పూస్తే పెళ్ళలు ఊడతాయి. తర్వాత వారం రోజులు ఎండిపోకుండా తడి గోనెలు వేసి మూత దించి ఉంచాలి. మొదట్లో నింపిన నీళ్ళు సున్నపు రుచి వస్తాయి, రెండు మూడు సార్లు నింపి వదిలేయాలి. దీని లోటు ఏమిటంటే, ట్యాంకు పూర్తిగా ఎండితే పగుళ్ళు వస్తుంది, ఇంజిన్ అదురుకి రాలుతుంది, ఆ రాలింది పంపు జాలీలోకి వస్తుంది. మీ ట్యాంకులు ఇంజిన్ గది పక్కనే ఉన్నాయి కాబట్టి ప్రతి నిషేధంలోనూ మళ్ళీ పూసుకోవాల్సిందే అనుకోండి. అయినా డబ్బు లేనప్పుడు ఇది మంచి దారి, మామకి ఆ గౌరవం ఇవ్వండి.

ఎవరూ చెప్పనిది ఎపాక్సీ, పెయింటూ హార్డెనరూ కలిపి పూస్తే గట్టిపడే పూత. అంటే ఏ ఎపాక్సీ పడితే అది కాదు. సాల్వెంట్ లేనిది, తాగే నీళ్ళకి పనికొస్తుందని పరీక్షించింది. మన దగ్గర మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ పరీక్షించిన ఫుడ్ గ్రేడ్ ఎపాక్సీలు దొరుకుతాయి, విదేశీ రకమైతే తాగే నీళ్ళకి తగిలే వస్తువుల ప్రమాణం ఎన్ఎస్ఎఫ్ 61 అని ఉంటుంది. షాపువాడి నోటిమాట కాకుండా ఆ కాగితం, దానితోపాటు వాడే విధానం షీటు అడిగి తీసుకోండి. ఒక్కో ట్యాంకుకి లోపలి వైశాల్యం అడ్డు పలకతో కలిపి పది చదరపు మీటర్లు వేసుకోండి. 300 మైక్రాన్ల, అంటే 0.3 మిల్లీమీటర్ల మందానికి లెక్క ప్రకారం మూడు లీటర్లు, గుంటలూ వృథా కలుపుకుంటే ఐదారు లీటర్లు. చూశారా, పెయింటు ఖర్చు మీ బావగారు ఊహిస్తున్నంత ఏమీ కాదు. ఖర్చంతా దాని కింద రేకుని సిద్ధం చేయడంలోనే ఉంది.

ఇసుక లేదా గ్రిట్ కొట్టించి ఉక్కుని తెల్లగా తేలిస్తే ఎపాక్సీ ఏళ్ళ తరబడి ఆగుతుంది. చెక్క బోటు లోపల, ఇంజిన్ పక్కన, చిన్న మూతలోంచి అది చేయించడం కష్టం, గ్రిట్ మొత్తం బేరింగుల్లోకి పోతుంది. గ్రైండర్, వైర్ బ్రష్, సుత్తితో చేయిస్తే రెండు మూడేళ్ళకొకసారి అక్కడక్కడా దిద్దుకోవాలి. ఈ తేడా తెలిసి దిగండి. గీకడం అయ్యాక మంచినీళ్ళతో రెండుసార్లు కడగాలి. తుప్పు గుంటల్లో ఉప్పు దాక్కుని ఉంటుంది, అది లోపల మిగిలితే పూత కిందకి నీళ్ళు లాక్కుని ఆరు నెలల్లో బొబ్బలు లేపుతుంది. అసలు మీ ట్యాంకులోకి ఉప్పు ఎలా వచ్చిందో కూడా చూడండి, డెక్కు మీద నీళ్ళు పోసే మూత వాషరు చచ్చిపోయి అల కొట్టినప్పుడల్లా కారుతూ ఉండొచ్చు, గాలి పైపు కొస కిందకి వంచి లేకపోవచ్చు. పది రూపాయల వాషరుకి చిక్కుకున్న ట్యాంకులు చాలా ఉన్నాయి.

కడిగాక ఆరాలి. మే నెల విశాఖలో ఇదే పెద్ద పని. తెల్లవారుజామున రేకు చెమర్చి ఉంటుంది, ఎండ ఎక్కాక పది నుంచి మూడు మధ్య పూత పని పెట్టుకోండి. గాలిలో తేమ 85 శాతం దాటితే ఆ రోజు మానేయడమే. ఒక చిన్న పరీక్ష ఉంది. తడిగుడ్డతో రేకు మీద ఒక చారిక తుడవండి, పావుగంటలో అది ఆరిపోతే పూయొచ్చు, ఆరకపోతే పూయకూడదు. ఐసు గిడ్డంగి ఖాళీగా ఉంది కాబట్టి ఇప్పుడు గోడ చల్లబడదు, నిషేధం అయ్యాక అయితే ఈ పని కుదరదు.

ఎపాక్సీ పెయింటు డబ్బానీ, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ డబ్బానీ పూర్తి కొలతతో కలపాలి, కంటి అంచనా కాదు. మన ఎండలకి కలిపిన పెయింటు అరగంట కూడా ఆగకపోవచ్చు, గిన్నెలోనే వేడెక్కి గడ్డకడుతుంది, కొంచెం కొంచెంగా కలుపుకోండి. పల్చగా రావట్లేదని థిన్నర్ పోస్తే మొత్తం పని చెడినట్టే, ఆ థిన్నర్ పూతలోనే ఉండిపోయి నీళ్ళకి వాసన కడుతుంది. అతుకులకీ మూలలకీ ముందు బ్రష్షుతో ఒక చేయి వేసి, తర్వాత మొత్తం రెండు పూతలు. రెండూ వేరే రంగులైతే ఎక్కడ వదిలేశారో తెలిసిపోతుంది. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టనివ్వకండి, ఆ హార్డెనర్ పడని వాళ్ళకి దురద దద్దుర్లు జన్మంతా వెంటాడతాయి. బ్లోయర్ అప్పుడూ తిరుగుతూనే ఉండాలి. తర్వాత ఏడు రోజులు ముట్టుకోకుండా ఆరనివ్వాలి.

ఇక మీ ఇంటావిడ ప్లాస్టిక్ ట్యాంకు. నిజానికి నలుగురిలో అసలు సమస్యకి దగ్గరగా వచ్చింది ఆవిడే. తొమ్మిది మంది, పదిహేను రోజులు, మనిషికి తాగడానికీ వంటకీ రోజుకి ఐదు లీటర్లు, అంటే 675. ఎండాకాలం కలుపుకుని 800 అనుకోండి. మీరు మోసుకెళ్ళే 3000 లీటర్లలో నోట్లోకి పోయేది అంతే. మిగతాదంతా కడుక్కోవడానికే. రెండు ట్యాంకుల్నీ తాగే స్థాయికి తేవాలని ఎందుకు ఆరాటపడటం?

కాకపోతే ఆ ప్లాస్టిక్ ట్యాంకుని డెక్కు మీద పెట్టి కింద ఇనప ట్యాంకులు ఖాళీగా వదిలేస్తే కొత్త ప్రమాదం కొని తెచ్చుకున్నట్టే. 1000 లీటర్లంటే టన్ను. కింద ఉండాల్సిన మూడు టన్నులు పోయి, పైన ఒక టన్ను చేరితే బోటు ఊగడం మారిపోతుంది, సగం నిండిన ట్యాంకులో నీళ్ళు ఒక పక్కకి ఒరిగితే బోటుని కూడా అటే లాగుతాయి. కాబట్టి ప్లాస్టిక్ అయినా కిందే ఉండాలి, హ్యాచ్‌లోంచి, అంటే డెక్కు మీద కిందికి దిగే కంతలోంచి పట్టే చిన్నవి మూడు నాలుగు, మందపాటి నల్లవి, ఫుడ్ గ్రేడ్‌వి, బెల్టులతో కదలకుండా బిగించి, ఒక్కోదానికీ విడిగా వాల్వు పెట్టి. ఒకటి పాడైనా మిగతావి ఉంటాయి. టేపు పట్టుకుని హ్యాచ్ కొలతలు తీశాకే షాపుకి వెళ్ళండి.

అన్నీ కలిపి చూస్తే మీ ముందు మూడు దారులున్నాయనిపిస్తోంది. రేకు బాగుంటే, మంచిగా ఉన్న ఒక ట్యాంకుని ఎపాక్సీతో తాగే నీళ్ళకి తయారుచేసి, రెండోదానికి మామ చేత సిమెంటు పాలు పూయించి కడుక్కునే నీళ్ళకి ఉంచండి, పైపులూ పంపులూ విడగొట్టి, కుళాయిల మీద రంగు వేసి గుర్తు పెట్టండి. డబ్బు అసలు కుదరకపోతే రెండిటికీ సిమెంటు పూసి, ఈ సీజన్‌కి తాగే నీళ్ళు క్యాన్లలో తీసుకెళ్ళండి. నలభై క్యాన్లు, చోటు ఇబ్బందే, కానీ ఎవరికీ కడుపు చెడదు. రేకు పోయిందని మీటరు చెప్తే చిన్న ప్లాస్టిక్ ట్యాంకులు కిందికి దించి, పాతవి కోసి తీసేయాలి. స్టీలు ట్యాంకు మాట కూడా ఎవరైనా ఎత్తుతారు. డెక్కు ఎలాగూ విప్పే సంవత్సరం అయితే చేయించండి, 316ఎల్ రకం, 304 కాదు. క్లోరిన్, ఉప్పు కలిసిన చోట 304 అతుకుల దగ్గర గుంటలు పడుతుంది.

మీ ఉత్తరంలో సగం ట్యాంకు గురించి, సగం బావ గురించి. "నీళ్ళకి ఇంత ఖర్చా" అన్నారని రాశారు. దాన్ని పిసినారితనంగా తీసుకున్నారు మీరు. ఆయన మీద ఇంజిన్ పని, వలలు, సీజన్ మొదట్లో ఇచ్చే అడ్వాన్సులు కూడా ఉన్నాయి కదా, ఒడ్డున ఉన్న రెండు నెలలూ రాబడి సున్నా. నల్ల పెయింటు విషమని ఆయనకి తెలిసి చెప్పారని నేననుకోను. ఇంట్లో అక్క ముందు కూర్చోబెట్టి వాదన పెట్టకండి, అక్కడ ఆయన వెనక్కి తగ్గలేరు. బోటు దగ్గరికి రమ్మని, మీటరు వాళ్ళు వచ్చిన రోజే రమ్మని, అంకెలు ఆయన చేతే రాయించండి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ముందే వెనక్కి వచ్చినందుకు డీజిల్, ఐసు, పోయిన చేప ఎంతో ఒక కాగితం మీద వేసి పక్కన పెట్టండి. డ్రైవరు పోతే కొత్తవాడికి ఇవ్వాల్సిన అడ్వాన్సు కూడా అందులో రాయండి. ఆ తర్వాత మూడు దారుల్లో ఏదన్నది ఆయన్నే ఎంచుకోమనండి. నల్ల పెయింటు ఆ మూడింట్లో లేదు. అప్పటికీ అదే పూస్తానంటే, అప్పుడు మాత్రం అక్కకి బాధ కలిగినా సరే కాదనాలి, ఆ నీళ్ళు తాగేది మీ ఇద్దరూ కాదు, తొమ్మిది మంది. డ్రైవరుకి కూడా ఈలోపు ఒక మాట చెప్పండి, ఏం చేస్తున్నామో, ఎప్పటికి అవుతుందో. ఆయన్ని పిలిచి పనికి ముందు ట్యాంకు చూపిస్తే ఇంకా మంచిది, మీ కంటే ఆ ట్యాంకు సంగతి ఆయనకే ఎక్కువ తెలుసు.

రోజులు లెక్క పెట్టుకోండి. జూన్ 14 తో నిషేధం అయిపోతుంది. వెనక్కి లెక్కేస్తే, చివరి మూడు నాలుగు రోజులు కడగడానికీ క్లోరిన్ పట్టించడానికీ, దానికి ముందు ఏడు రోజులు ఆరడానికీ, పూతకి మూడు, గీకడానికి ఒక వారం, వాన పడితే ఇంకో నాలుగు. అంటే మే 20 లోపు గీకుడు మొదలవ్వాలి, మీటరు వాళ్ళు ఈ వారమే రావాలి. అంత కుదరదనిపిస్తే ఎపాక్సీ తొందరలో వేయకండి, ఈ ఏడాది సిమెంటు, క్యాన్లతో గడిపి వచ్చే ఏప్రిల్ 15 న, నిషేధం మొదలైన రోజే ట్యాంకు మూత తీయండి.

చివరగా క్లోరిన్ లెక్క. 1500 లీటర్ల ట్యాంకుకి తాజా బ్లీచింగ్ పౌడర్ 225 గ్రాములు, పాత ప్యాకెట్ అయితే 300. బకెట్ నీళ్ళలో కలిపి తేరనిచ్చి, పైతేట మాత్రమే పోసి ట్యాంకు నిండా నింపండి. కుళాయిలన్నీ తిప్పి ఆ వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి 24 గంటలు ఉంచండి. తర్వాత మొత్తం వదిలేసి రెండుసార్లు మంచినీళ్ళతో కడగండి. ఆ తర్వాత నింపిన నీళ్ళు రెండు రోజులు ట్యాంకులో నిలవున్నాక ఒక గ్లాసులో పట్టి వాసన చూడండి. పెయింటు వాసన ఏ మాత్రం తగిలినా ఆ పూత ఇంకా ఆరలేదు, ఖాళీ చేసి గాలి కొట్టించి మళ్ళీ నింపండి. మొదటి వేటకి మాత్రం అన్నీ బాగున్నా సరే, తాగడానికి ఓ పది క్యాన్లు విడిగా ఎక్కించండి.